తూకం తలుపు

ఆసుపత్రి గుమ్మంలో తూకం పలక ముందు మంగతాయారు చెప్పులు విప్పింది. ఈ రోజుల్లో బస్సెక్కాలన్నా, పెళ్లి పంక్తిలో కూర్చోవాలన్నా ముందు పలక ఎక్కాల్సిందే. బరువు హద్దు దాటితే తలుపు తెరుచుకోదు. నాలుగు నెలల కిందట కడుపునొప్పితో వచ్చినప్పుడు ఎర్ర దీపం వెలిగి, "పద్దెనిమిది కిలోలు తగ్గి రండి" అని పలకే వెనక్కి పంపేసింది. వరసలో ఒకావిడ కిసుక్కున నవ్వింది కూడా.

"గాజులు కూడా తీసెయ్యక్కా," అంది చెల్లెలు సుభద్ర కంగారుగా.

"తియ్యక్కర్లేదే. వాటంతటవే జారిపోతున్నాయి."

పలక ఎక్కింది. పచ్చ దీపం వెలిగింది. వరసంతా చప్పట్లు కొట్టింది. ఆనాడు నవ్వినావిడే ఇవాళ ముందుకొచ్చి, "ఏం తింటున్నారండీ?" అని ఆశగా అడిగింది. మంగతాయారు నొప్పికి వంగిపోయి గోడ పట్టుకుంది.

లోపల డాక్టరు లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టాడు.

"శభాషండీ! మీ ఫొటో గుమ్మంలో పెట్టిస్తాను. ఎలా తగ్గారో నలుగురికీ చెప్పాలి మీరు."

"తిన్నది నిలవట్లేదు బాబూ. ఎలా తగ్గానో మీరే చెప్పాలి."

ఆయన ఆవిణ్ణి బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు. చెయ్యి ఒక గట్టి గడ్డ దగ్గర ఆగిపోయింది. ముఖంలో నవ్వు మాయమైంది.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారమ్మా? ముందే రావద్దూ?"

సుభద్ర భగ్గుమంది.

"వచ్చామండీ. మీ తలుపే తియ్యలేదు."