విరేచనాల ప్రార్థన

ఆదివారం ఆరాధనలో, యుద్ధంలో నలిగిపోతున్న వాళ్ళ కోసం తలా ఒక మాట ప్రార్థించమన్నాను. పాస్టర్ని కదా, అనకపోతే ఎలా? దర్జీ అమ్మమ్మ అందరికంటే ముందే మోకాళ్ళ మీద వాలింది.

"ప్రభువా, రెండు వైపుల సైనికులకీ ఈ పూట విరేచనాలు పట్టించు తండ్రీ. ఒక్కడూ తుపాకీ దాకా నడవకూడదు."

వెనక వరసలో కిసుక్కుమన్నారు. నేను గట్టిగా దగ్గాను.

"ట్యాంకు నడిపే పిల్లాడికి ఇంకాస్త ఎక్కువ. ప్రాణం మీదకి వద్దు, మంచం దిగలేకపోతే చాలు."

నాకు ఒళ్ళు మండింది. "అమ్మమ్మా, శాంతి కావాలని అడగండి చాలు. ఎలా ఇవ్వాలో దేవుడికి తెలీదా?"

"తెలుసు అయ్యగారూ. ఆయనకి బోలెడు పనులు కదా, ఏదో సులువు చెబుతున్నా."

గుడంతా గొల్లున నవ్వింది. నవ్వనిది అమ్మమ్మ భర్త ఒక్కడే. ఒకప్పుడు సిపాయి. ఆయన మెల్లగా లేచాడు.

"అయ్యగారూ, యుద్ధంలో మా దళం ముందుకు కదిలిన పొద్దున నేను కడుపు పట్టుకుని పొదల చాటున ఉన్నాను. వెళ్ళిన పదకొండు మందిలో ఒక్కడూ తిరిగి రాలేదు. సిగ్గుతో నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా."

భార్య వైపు తిరిగాడు. "ఏమే, అది నీ పనేనా?"

అమ్మమ్మ కళ్ళు తెరవలేదు.

"అప్పుడు మీ ఒక్కరికే అడిగానండీ. అందుకే ఇప్పుడు అందరికీ అడుగుతున్నా."