గాలయ్య గెలిచిన వంతు

గండయ్య మగ్గం మీది పడుగు పోగులను ఎవరో సగం దాకా అడ్డంగా కోసేశారు.

అమావాస్య పొద్దున ముందుగా చూసింది అతని భార్య ఆండాళు. ఆమె కేకకు నేతవాడంతా పరుగెత్తుకొచ్చింది.

ఎల్లుండి చిట్యాలలో పెళ్లి. పెళ్లికూతురి చీర ఆ మగ్గం మీదే ఉంది.

"ఎలుక గాదు, పిల్లి గాదు. ఇది కత్తి పని," అన్నాడు గండయ్య, తెగిన పోగులను వేళ్ల మధ్య పట్టుకొని.

అందరి చూపులూ అరుగు మీదికి మళ్లాయి.

అక్కడ గాలయ్య కూర్చొని ఉన్నాడు. పడుగు పోగులు అతకడం అతని పని. షాద్‌నగర్ దిక్కు నుంచి వచ్చానన్నాడు. రెండు నెలలుగా ఆ అరుగే అతని ఇల్లు. సంచిలో ఎప్పుడూ చిన్న కత్తి ఉంటుంది.

అందరి మనసులో ఉన్న మాటను పక్కింటి బిక్షం పైకి అన్నాడు.

"పోగులు తెగితే కూలి ఎవనికొస్తది బావా? అతికెటోనికే గదా!"

బిక్షానికి గాలయ్యను చూస్తే కడుపుమంట. ఆ మంట రాజేసింది పేకాట.

అమావాస్య నాడు నేతవాడలో ఎవరూ మగ్గం ముట్టరు. ఒక ఇంట్లో చేరి మూడు ముక్కలాట ఆడతారు, నడుమ ఆ ఇంటివాళ్ల విస్తర్లలో ఎవరి అన్నం వాళ్లు తెచ్చుకొని తింటారు. పైసలు పెట్టరు, చింతగింజలు పెడతారు. ఆట ముగిశాక ఆ గింజలు గొంగళ్లు నేసే కురుమల బీరమ్మ ఇంటికి పోతాయి, నేతకు గంజి కాయడానికి. ఎంగిలి విస్తర్లు ఆమె మేకలకు. నలిగిన ముక్కలకు మగ్గం గంజే పూసి ఎండబెడతారు. కొత్త కట్ట కొని నాలుగేళ్లయింది.

ఎక్కువ గింజలు గెలిచినవాడి ఇంట్లో వచ్చే అమావాస్య ఆట. అప్పటిదాకా ముక్కల కట్ట అతని దగ్గరే ఉంటుంది. ఆ నెలంతా వాడలో అతనిదే పెద్దరికం.

మూడేళ్లలో బిక్షం ఒక్కసారీ గెలవలేదు. అతని భార్య లీలమ్మ మాత్రం ఎప్పటికైనా తమ వంతు రాకపోతుందా అని ప్రతి అమావాస్యకూ మోదుగాకు విస్తర్లు కుట్టి పెట్టుకుంటుంది.

పోయిన అమావాస్య గింజలన్నీ గాలయ్యే ఊడ్చుకున్నాడు. చేతిలో ఏ ముక్కలున్నా అతని ముఖంలో ఏమీ కనిపించదు.

ఇల్లే లేనివాడు గెలిచాడు! ఇంకేముంది, అతనుండే అరుగు గండయ్యదే గనుక ఆట మళ్లీ గండయ్య ఇంట్లోనే అనుకున్నాడు బిక్షం. ఆ నెలంతా అతనికి ముద్ద దిగలేదు.

"నువ్వేనా?" గండయ్య అడిగాడు.

గాలయ్య అరుగు దిగి వచ్చాడు. మగ్గం గుంటలోకి దిగాడు. వంగి ఏదో ఏరి రొండిన దోపుకున్నాడు. బిక్షం వైపు ఒక్కసారి చూశాడు. గాలయ్య ముఖంలో ఏమీ లేదు.

"వేళ్లకు రాసుకోనీకి జర బూడిద ఇయ్యి ఆండాళమ్మా. అతుకుత."

"అమాస నాడు మగ్గం ముడుతవా?"

"నాకు మగ్గమేది తల్లీ, అమాస ఉండనీకి?"

పొద్దు నడినెత్తికొచ్చేసరికి చివరి పోగూ అతికాడు. కూలి అడగలేదు.

"దొరికిండు గదా, ఏ ముఖం పెట్టుకొని అడుగుతడు?" అన్నాడు బిక్షం.

"ఇగ నా అరుగు మీద ఉండకు," అన్నాడు గండయ్య.

గాలయ్య సంచి భుజాన వేసుకున్నాడు. గండయ్య చేతిలో చిన్న మూట పెట్టి, చెవిలో రెండు మాటలు చెప్పి వెళ్లిపోయాడు.

బిక్షం తేలిగ్గా ఊపిరి పీల్చుకొని ఇంటికొచ్చాడు.

"ఈసారి గూడ ఇర్వై ఇస్తర్లు కుట్టిన," అంది లీలమ్మ. "ఏం జెయ్యాలె?"

"బీరమ్మ మేకలకెయ్యి."

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. గండయ్య, వాడలోని వెంకటనర్సు, వెనకాల అన్నం గిన్నెలతో మరో నలుగురు.

"ఏంది బిక్షం, ఇంక చాప ఎయ్యలే?" అన్నాడు వెంకటనర్సు.

"నా ఇంట్లనా?"

"మరి ఎవరింట్ల? గెలిచిన నాడే చెప్పిండు గాలయ్య. నాకు ఇల్లు లేదు, నా వంతు బిక్షం ఇంటికియ్యుండ్రి, గా ఇల్లాలు ఎన్ని అమాసలని ఇస్తర్లు కుట్టి దాసుకుంటది అన్నడు. ముందుగాల తెలిస్తే నువ్వు సిన్నబోతవని, నీకు చెప్పనియ్యలే."

లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గబగబా చాప పరిచింది.

"మనిషి ఎసుంటోడైనా, గెలిచిన వంతు గెలిచినోనిదే," అన్నాడు గండయ్య. "పొయ్యేటప్పుడు గూడ గదే మాట. నా వంతు మరువకుండ్రి అన్నడు. గీ మూట నీ చేతికే ఇయ్యమన్నడు."

"గాయన ఏడి?" బిక్షం వాకిట్లోకి తొంగి చూశాడు.

"సడక్ మీద లారెక్కిండు. ఏ ఊరికని ఎవ్వరు అడగలే."

బిక్షం మూట విప్పాడు. లోపల ముక్కల కట్ట.

కట్ట మీద చిన్న మోదుగాకు ముక్క. దానికి ఈనెపుల్ల ఇంకా గుచ్చుకొనే ఉంది. పొద్దున లీలమ్మ విస్తర్లు కుడుతున్నప్పుడు అతని పంచెకు తగులుకున్నది. గండయ్య మగ్గం గుంటలో రాలిపోయింది.

"పంచు మరి, ఇంటాయనవు నువ్వే గదా!" అన్నాడు వెంకటనర్సు.

బిక్షం కట్టను చాప మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి తీసుకొని గండయ్య వైపు తిరిగాడు.

"గుంటలకు దిగి పడుగు కోసింది నేను బావా. గాయనకు ఎరుకే. ఎరుకుండి గూడ నన్ను గెలిపిచ్చి పోయిండు."