నీలం నీళ్లు

“ఈసారి కూడా నీలం కనిపించిందంటే ఇక ఆలోచించేదేం లేదు. పొట్టకి రంధ్రం పెట్టి గొట్టం వేసేస్తాం. తిండైనా నీళ్లైనా జీవితాంతం అందులోంచే,” అని తేల్చేశాడు డాక్టరు.

మంచం మీదావిడ కళ్లు మూసుకుంది. నోరు విప్పి బతిమాలుకుందామన్నా మాట రాదు. ఊపిరాడటానికి గొంతు కింద కోసి ఒక గొట్టం పెట్టారు. పాలు పోయడానికి ముక్కులో ఇంకొకటి. ఆవిడ దాహం తీరా నీళ్లు తాగి నలభై రోజులైంది. ఒళ్లో పెట్టుకున్న పలక మీద పొద్దుటినుంచీ ఒకటే మాట: నీళ్లు. చెరిపేస్తే మళ్లీ అదే రాస్తోంది.

“మొన్న కనిపించింది గోరంతే కద సార్! ఆ మాత్రానికే ఫెయిల్ చేసేస్తే ఎలా? కాస్త పెద్దమనసు చేసుకోండి,” అన్నాడు ఆవిడ భర్త. వార్డులో అందరూ ఆయన్ని రేడియో అంటారు. కళ్లు తెరిచింది మొదలు నిద్రపోయేదాకా ఆయన నోటికి తీరిక ఉండదు. పక్క మంచం వాళ్ల మందుల పేర్లు కూడా ఆయనకి కంఠతా వచ్చు.

“పెద్దమనసు చేసుకోవడానికి ఇదేం పదో తరగతి పరీక్ష కాదు పెద్దాయనా. రంగు నీళ్లు మింగిస్తాం. దారిలో పోతే పొట్టలోకి పోతాయి. దారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోయి, ఈ గొంతు గొట్టంలోంచి నీలంగా బయటికొస్తాయి. అలాంటి మనిషికి నీళ్లు పట్టడమంటే చేతులారా ముంచేయడమే.”

డాక్టరు వెళ్లిపోయాడు. ఆఖరి మాట రేడియో చెవిన పడిందో లేదో. ఆయన పలక వైపే చూస్తున్నాడు.

నర్సు చిన్న గ్లాసులో నీళ్లు పోసి నాలుగు చుక్కల రంగు వేసింది. నీళ్లు సిరాలా అయిపోయాయి. మంచం తల వైపు ఎత్తి, మంచం చుట్టూ తెర లాగి, చెంచా చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే మూడో మంచం దగ్గర మెషీను కుయ్యిమంటూ మొదలెట్టింది.

ఈ రంగు నీళ్లు నర్సే స్వయంగా పట్టాలి. అది రూలు. కానీ పదహారు మంచాలకి ఆమె ఒక్కతే.

“బాబాయ్, అరచెంచా చొప్పున మెల్లగా పట్టండి. దగ్గొస్తే ఆపేయండి. ఇప్పుడే వచ్చేస్తా.”

“నువ్వెళ్లు తల్లీ. నేను చూసుకుంటాగా!”

ఆమె ‘ఇప్పుడే’ ఇరవై నిమిషాలైంది. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ. రేడియో తువ్వాలుతో భార్య పెదాలు తుడుస్తున్నాడు.

“మొత్తం అయిపోయాయా?”

ఆయన తలూపాడు.

“దగ్గు గానీ వచ్చిందా?”

అడ్డంగా ఊపాడు.

నర్సు ఆవిడ గొంతు గొట్టంలోకి సన్నటి పైపు దించి, కఫం లాగే మెషీను వేసింది. తెల్లటి కఫం వచ్చింది. కాసేపాగి మళ్లీ లాగింది. అప్పుడూ తెలుపే. భూతద్దం పెట్టి వెతికినా నీలం జాడ లేదు. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ వార్డులో మంచి కబురు చెప్పే అవకాశం నెలకోసారి వస్తే గొప్ప. పరుగున వెళ్లి డాక్టరుకి ఫోన్ చేసింది. చెంచాడు మంచినీళ్లు పట్టి చూడమన్నాడు.

“పాసైపోయారు పిన్నిగారూ!”

ఆవిడ పలకని గుండెలకి అదుముకుంది. చూపు మాత్రం మొగుడి మీదే ఉంది. ఆయనేమో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకున్నాడు.

“ఏంటి బాబాయ్, రేడియోలో బ్యాటరీలు అయిపోయాయా?” అంది నర్సు నవ్వుతూ. పాపం, సంతోషంతో గొంతు పూడుకుపోయి ఉంటుందనుకుంది. ఇన్నాళ్లూ ఆయన వాగుడుకి విసుక్కున్నందుకు సిగ్గేసింది కూడా.

శుభ్రమైన గ్లాసులో మంచినీళ్లు తెచ్చి చెంచా నింపింది.

“ఏదీ, నోరు తెరవండి పిన్నిగారూ.”

ఆవిడ ఆత్రంగా తెరిచింది. లోపల నాలుక తెల్లగా పిడచకట్టుకుపోయి ఉంది. నర్సుకి ఎక్కడో తేడాగా అనిపించింది. అదేంటో వెంటనే తట్టలేదు. చెంచా పెదాల దాకా వెళ్లింది.

రేడియో తువ్వాలు వదిలేసి మంచం మీదకి వంగాడు. పసిపిల్లకి ముద్ద పెట్టే తల్లి తనకి తెలియకుండానే తనూ నోరు తెరుస్తుంది చూడండి, అలాగే ఆయనా భార్యతో పాటు “ఆ...” అంటూ నోరు తెరిచాడు.

ఆయన నాలుక మొదలంటా నీలంగా ఉంది.