బస్సులు బందైన నాడు

“ఆగు, ఆ పేపరు ఇటియ్యి” అంటూ మహిపాల్ రెడ్డి కూతురి ముందున్న దినపత్రిక లాక్కున్నాడు. “ఇయ్యాల తారీఖెంత? అక్టోబర్ ముప్పయ్యొకటి. ఇందిరమ్మను కాల్చి చంపిన దినం.”

పల్లవి తలెత్తకుండా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమె పుట్టడానికి రెండేళ్ల ముందు సంగతి అది. అయినా ప్రతి మలుపూ కంఠతా వచ్చు. ఏటా ఈ తారీఖున తండ్రి చెబుతాడు, ఇంట్లోవాళ్లు వింటారు.

ఈసారి వినే ఓపిక ఆమెకు లేదు. పుట్టింటికి వచ్చి తొమ్మిది రోజులైంది. మధ్యాహ్నానికల్లా భర్త అభిలాష్ భూపాలపల్లి నుంచి కారు వేసుకుని వస్తున్నాడు. అతనితో వెళ్లాలో వద్దో ఆలోపు తేల్చుకోవాలి.

వస్తున్నట్టు కూడా అతను చెప్పలేదు. పొద్దున పన్నెండేళ్ల కూతురు నవ్య ఫోన్ చేసింది.

“అమ్మా, డాడీ నిన్ను తీస్కపోనీకి వస్తుండట. రెడీగ ఉండమని చెప్పమన్నడు.”

“పక్కనే ఉన్నడా?”

“ఆ, ఇక్కడ్నే ఉన్నడు.”

“ఫోన్ ఆయనకియ్యి.”

మళ్లీ నవ్యే మాట్లాడింది. “వద్దంటుండమ్మా.”

నాలుగు నెలలుగా ఇదే తంతు. ఒకే గదిలో ఉండి కూడా, కూరలో ఉప్పు తక్కువైందనీ, చొక్కాకు గుండీ ఊడిందనీ పిల్లతోనే చెప్పిస్తాడు. తన తప్పేమిటో అడిగి అడిగి పల్లవి అలిసిపోయింది.

“కొట్టిండా? లే. తాగొచ్చిండా? లే” అన్నాడు తండ్రి, పేపరు మడుస్తూ. “మాట్లాడకపోతే ఏమైతదే? మాట్లాడేదాక ఆగాలె. మీ అమ్మను చూసి నేర్చుకో. ఆ దినం నేనెక్కడున్న?”

“జనగామల. మోటరు బాగు చేయిస్తానికి పోయినవ్.”

“మీ అమ్మకు చెప్పి పోయిన్నా?”

“లే. ముందటి దినం లొల్లయింది.”

“గింతంత లొల్లి! పప్పుల కారం ఎక్కువైందని కంచం ఇసిరేసిన, గంతే” అని ఆయన నవ్వి, కుర్చీలో సర్దుకున్నాడు. “పగటాల్లకు రేడియోల చెప్పవట్టిరి. దుకాణాలన్నీ టపటప మూసిరి. బస్సులు బందు. మోటరు ఆడ్నే పడేసి నర్మెట్ట తొవ్వ వట్టి నడిచిన. కాళ్లు బొబ్బలెక్కినయ్. పొద్దుగూకే యాల్లకు మనూరి మలుపు కాడికొస్తే, కల్వర్టు మీద మీ అమ్మ! సంకల మీ అన్న నరేశ్‌గాడు, చేతిల సద్ది మూట. మైలు దూరం నాకు ఎదురొచ్చింది. ఎవలు చెప్పిన్రు రమ్మని? అలిగి పోయిండు, ఆకలితోని వస్తడని పానం గుంజింది.”

“ఊ” అంది పల్లవి.

“మూట ఇప్పితే మామిడి తొక్కు ఏసి కలిపిన అన్నం. ఆడ్నే కూసోని ఊడ్చుక తిన్న. గసొంటి రుచి మళ్ల సూడలే. తినుకుంట చెప్పిన, ఇందిరమ్మ పోయింది, బస్సులన్నీ బందైనయని. ఇగ సూడు, బోరున ఏడ్వవట్టింది! ఊకోవెట్టలేక సచ్చిన. ఇందిరమ్మంటే గంత పానం దీనికి. కాదానే సుగుణా?”

వంటింట్లోంచి తల్లి గొంతు నీరసంగా వినిపించింది. “ఏమో. నాకు యాదికి లేదు.”

ఏటా ఆమె జవాబు అదే.

“సూసినవా! గసొంటి దినం యాదికి లేదట. గ్యాస్ బండ ఎప్పుడచ్చిందో అది మాత్రం యాదుంటది” అని సణుగుతూ మహిపాల్ రెడ్డి కండువా దులుపుకుని, అల్లుడికి ఎదురుచూస్తూ గేటు దాకా వెళ్లాడు.

పల్లవి లోపలి గదిలోకి వచ్చింది. సంచీ తెరిచి, మంచం మీది చీరలు ఒక్కొక్కటే మడిచి సర్దింది. సుగుణ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మోకాళ్లు పట్టుకుని మంచం చివర కూలబడింది.

“పోతున్నవా?”

“పోత.”

“నీకు పోవాలని ఉన్నదా?”

“లేదు” అంది పల్లవి. “ఆ ఇంట్ల నేను గోడ లెక్క అయినమ్మా. కని ఏం జెయ్యాలె? నాయిన కంచం ఇసిరేసినా నువ్వు మైలు దూరం ఎదురు పోయినవ్. నాలుగు నెలలకే నేను గిట్లయితినని సిగ్గయితుంది.”

సుగుణ కూతురి చేతి వేళ్లను చాలాసేపు చూసింది. చిక్కుడు పసరుకు గోళ్లు నల్లబడి ఉన్నాయి.

బయట కారు హారన్ మోగింది. “అల్లుడచ్చిండు! ఎక్కడున్నరే, బయటికి రాండ్రి!” తండ్రి కేకేశాడు.

పల్లవి కళ్లు తుడుచుకుని సంచీ జిప్పు లాగబోయింది. సుగుణ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నెమ్మదిగా లేచి, సంచీలోని చీరలు రెండు చేతులా ఎత్తి, మళ్లీ బీరువాలో పెట్టింది.

“ఏం జేస్తున్నవమ్మా?”

సుగుణ బీరువా తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. “నాకన్నీ యాదికున్నయ్” అంది.

పల్లవి అయోమయంగా చూసింది.

“ఆయాల్ల నేను ఎదురు పోలే బిడ్డా, బస్సు కోసం నిలవడ్డ. మీ నాయినను ఇడిచిపెట్టి పోతుంటి.”