శెమెన్ మొదటి అక్షరం

"నా పేరుకి ముందు ఈ కిటికీ ఏమిటమ్మా?" అన్నాడు శెమెన్.

ఇత్తడి పలక మీద పేరు మొదట్లో ఖాళీ గడి ఉంది. మిగతా అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి.

రష్యాలో చువాష్ వాళ్ల నగరమైన షుపాష్కర్ బజారులో పేర్లు చెక్కే కొట్టు అది. కూతురు పినెర్పి అతన్ని ఆస్పత్రి నుంచి నేరుగా అక్కడికే తీసుకొచ్చింది. కడుపులో పుండేనని, తగ్గుతుందని డాక్టరు అతనికి చెప్పాడు. పలక సంగతి బస్సులో పినెర్పి చెప్పింది. అతను చువాష్ భాష నేర్పిన బడిలో అతని పేరు పెడుతున్నారట.

మిషన్ ముందు కూర్చున్న రీమ్మా రష్యన్ పిల్ల. పినెర్పి ఫోన్లో పంపిన పేరునే చెక్కానంది. మొదటి అక్షరం ఫ్రెంచి వాళ్లదని, తన ఫాంటులో అది లేక మిషన్ గడి చెక్కిందని చెప్పింది.

శెమెన్ నవ్వాడు. రష్యన్ 'స' కింద తోక పెడితే చువాష్ 'శ' అవుతుంది. రష్యన్ కీబోర్డులో అది ఉండదు. అచ్చం అలాగే కనిపించే ఫ్రెంచి అక్షరాన్ని ఊరంతా వాడేస్తుంది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకి కావు.

"టీచరు కూతురివి, నువ్వూ ఫ్రెంచిదానివైపోయావు," అన్నాడు.

"తోక ఉంది కదా అనుకున్నాను నాన్నా."

"తోక పిల్లికీ ఉంటుంది."

మామూలు 'స' పెట్టేయనా అని రీమ్మా అడిగింది. శెమెన్ ఒప్పుకోలేదు. పాస్‌పోర్టులో, పింఛను కార్డులో అతను సెమ్యోన్. వాళ్లమ్మ పిలిచిన పేరు ఎక్కడా అచ్చు కాలేదు.

"ఈ ఒక్క చోటైనా నన్ను నా పేరుతో ఉండనియ్యి తల్లీ," అన్నాడు.

రీమ్మా ఆ అక్షరం ఉన్న ఫాంటు వెతికింది. దాని కోడు సున్నా, నాలుగు, ఏ, ఏ అని కొట్టి, రెండు మీటలు కలిపి నొక్కింది. కొట్టినవి పోయి, వాటి చోట తోక ఉన్న 'శ' వచ్చింది. శెమెన్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇంకాస్త పెద్దది చెయ్యమన్నాడు.

వానకీ మంచుకీ అక్షరాలు చెరగవు కదా అని పినెర్పి అడిగింది.

"బడిలో మంచు కురుస్తుందా?" అన్నాడు శెమెన్.

"వాకిట్లో పెడతారట నాన్నా."

ఓక్ చెక్కకి బిగించాలని, పలక మూలల్లో బెజ్జాలు కావాలని పినెర్పి చెప్పింది. చెక్క తన భర్త కోయించి ఉంచాడంది. మీ ఆయన బడి పనులు ఎప్పుడు మొదలుపెట్టాడని శెమెన్ ఆటపట్టించాడు. కొత్త పలక వారానికి ఇస్తానంది రీమ్మా. ఎల్లుండికే కావాలంది పినెర్పి.

"బడి ఎక్కడికీ పారిపోదు కదే," అన్నాడు శెమెన్.

పాత స్నేహితుడికి ఫోన్ చేస్తానంటూ అతను బయటికి వెళ్లాడు. మన అక్షరంతోనే చెక్కుతున్నారని అతను చెప్పడం లోపలికి వినిపిస్తోంది.

పేరు కింద బడి పేరు కూడా వెయ్యాలా అని రీమ్మా అడిగింది.

పినెర్పి లేచి తలుపు మూసింది.

"బడి పేరు వద్దు, పుట్టిన తేదీ వేసి పక్కన ఇంకో తేదీకి చోటు వదులు."