ఎనభై కిలోలు

నవంబరు కావడంతో జర్మనీలోని కీల్ రేవులో సాయంత్రం ఐదింటికే చీకటి పడింది. ఒడ్డుకు కట్టేసిన పాత సరుకుల పడవే వీబ్కే వాళ్ళ కంప్యూటర్ ఆటల ఆఫీసు. ఎవరు ఎక్కినా అది కాస్త ఒరుగుతుంది. ఆ సంగతి కప్పులోని కాఫీ ముందే చెప్పేస్తుంది. అందరూ వెళ్ళిపోయాక వీబ్కే ఒక్కతే, తలుపుకు దూరంగా చివరి బల్ల దగ్గర, తాము తయారుచేస్తున్న జలాంతర్గామి ఆటను పరీక్షిస్తోంది.

ఆటలోని సిబ్బంది నలభైమందినీ పడకల మీద కదలకుండా పడుకోబెట్టింది. అయినా తెరమీద జలాంతర్గామి ముక్కు కొద్దిగా వంగింది. కాసేపటికి తోక వంగింది. మళ్ళీ ముక్కు. లోపల ఎవరో పచార్లు చేస్తున్నట్టుంది.

ఆటలో బరువుల లెక్క రాసిన సహోద్యోగి యోర్న్‌కు ఫోన్ చేసింది.

"ఎనభై కిలోలు ఎక్కువ చూపిస్తోంది. కొత్తగా ఎవడినైనా ఎక్కించావా?"

"ఉన్న నలభైమందితోనే నా జుట్టంతా ఊడింది తల్లీ!" యోర్న్ రొట్టె నములుతూ నవ్వాడు. "ట్యాంకుల్లో నీళ్ళు మిగిలుంటాయి. మొత్తం తోడేసి పైకి తెచ్చి చూడు."

ట్యాంకుల్లోకి గాలి వదిలింది. నీళ్ళన్నీ పోయాయి. జలాంతర్గామి పైకి తేలింది. ఎనభై కిలోలు మాత్రం తగ్గలేదు.

అంతలో పైమూత దానంతటదే తెరుచుకుంది. అదనపు బరువు సున్నా అయింది.

"హమ్మయ్య, పోయింది."

"నే చెప్పలా? ఇక ఇంటికి పో."

ఆమె కప్పు అందుకోబోయి ఆగిపోయింది. కాఫీ తలుపు వైపు ఒరిగి ఉంది.

"యోర్న్, నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లోనే. ఏం?"

కాఫీ మెల్లగా సర్దుకుంది. తర్వాత ఆమె వైపు ఒరగసాగింది.