దొంగ నొప్పులు

అత్తగారికి తెలియని విషయమంటూ లోకంలో లేదు. అదే ఆ ఇంటికి పట్టిన శని. వంట గురించి వంటవాడికీ, కారు గురించి మెకానిక్‌కీ చెప్పి గానీ వదిలిపెట్టదు. ఇవాళ పురుళ్ల గురించి కోడలికి చెబుతోంది.

“నొప్పులూ కావు, పాడూ కావు. దొంగ నొప్పులు. నాలుగడుగులు వేస్తే అవే పోతాయి.”

“పొద్దున్నుంచీ నడకే కదా అత్తయ్యా, పోయాయా? నడుములో పుట్టి పొట్టలోకి పాకుతున్నాయి. ఇందాక రెండు నొప్పుల మధ్య అంట్లన్నీ తోమేశాను. ఇప్పుడు ఒక్క గిన్నె తెమలడం లేదు.”

“తోమడం చేతకాక నొప్పుల మీద పెట్టకు.”

కోడలు నడుం మీద చేతులు వేసుకుని, పళ్లు బిగబట్టి, గట్టిగా ఊపిరి వదిలింది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, నొప్పులు మొదలవగానే పరుగెత్తుకు రండి అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. సంచీ సర్ది ఉంది. కారు వాకిట్లోనే ఉంది. వీధి గుమ్మంలో మాత్రం అత్తగారు నిలబడి ఉంది, రెండు చేతులా తలుపు చట్రం పట్టుకుని.

“నలుగురిని కన్నదాన్ని. ముందు నువ్వు ఒక్కర్ని కని అప్పుడు మాట్లాడు! ఆ డాక్టరమ్మకి కత్తి పట్టకపోతే చెయ్యి దురద. ఈ ఇంట్లోంచి...”

కోడలు నుదుటి చెమట తుడుచుకుంది. తిట్టును సగంలో ఆపి, కాసేపయ్యాక సరిగ్గా అక్కణ్ణుంచే అందుకోవడంలో అత్తగారిది అందె వేసిన చెయ్యి.

“...ఎవరూ ఎక్కడికీ కదిలేది లేదు!”

కోడలు భర్త వైపు చూసింది. అతను కారు తాళం వేలికి తిప్పుకుంటున్నాడు.

“అమ్మ వద్దంటుంటే నేనేం చేయను?”

మామగారు తలకిందులుగా పట్టుకున్న పేపరును శ్రద్ధగా చదువుతున్నారు.

“అయితే ఆ నేల చూడండి! ఉమ్మనీరు పోయింది.”

“మంచినీళ్లు ఒలికాయి. తుడిచెయ్.”

“బిడ్డకేమైనా అయితే జన్మలో మీ మొహం చూడను!” అంది కోడలు.

“చూడకు. ఇక్కడెవరూ ఏడవరు. నా ఇంట్లో నీ పెత్తన...”

ఈసారి తిట్టు తెగిన చోట అతుక్కోలేదు.

“తప్పు నాదేనే తల్లీ, ఇవి అసలు నొప్పులే,” అంది అత్తగారు కోడలి భుజం మీదికి వాలిపోతూ, “నీకు మరిదో ఆడపడుచో ఇక్కడే పుట్టేలోపు నన్ను కారెక్కించు!”